రాచనత్తల వంశం

"పాసిర్ గాడింగ్ నత్త నత్త కాదు. అది ఒక వంశం!"

రాజా ఇద్రుస్ గారు ఊరిసభలో ఇలా ప్రకటించగానే చప్పట్లు మోగాయి. రాజా అన్నది బిరుదు. రాజ్యం తాతగారి కాలంలోనే పోయి, పేరు ముందు ఆ రెండక్షరాలే మిగిలాయి. బింతాన్ దీవిలో ఆయన ఊరు పాసిర్ గాడింగ్ ఇసుకతీరాన దొరికే గొంగ్‌గొంగ్ నత్తకు పెంకు దళసరి, అంచు బంగారు రంగు. పాయకు అవతల లుంపుర్ దాలం బురదలో దొరికే నత్తకు పెంకు పలచన, రంగు మసి. ఆ బురద ఊరి కుర్రాడు బాహ్రుమ్‌నే చేసుకుంటానని ఆయన కూతురు ముర్ని పట్టుబట్టింది.

"నత్తల్లోనే ఇంత తేడా ఉంటే మనుషుల్లో ఎంతుండాలే!"

"నేను చేసుకునేది నత్తని కాదు నాన్నా!"

"ఉండు, సైన్సే తేలుస్తుంది!"

సైన్సు జావా నుంచి వచ్చి పడవ దిగింది. పేరు విదురి, నత్తల జన్యువులు పరిశోధించే అమ్మాయి. రెండు తీరాల్లోనూ పెంకులు కొలిచి, మాంసపు ముక్కలు సీసాల్లో వేసుకుని వెళ్లింది. ఫలితాలతో తిరిగొచ్చేసరికి ఇద్రుస్ గారు పందిరి వేయించి, అవతలి ఊరివాళ్లనీ పిలిపించారు. అవమానం ముఖాముఖీ జరిగితేనే కదా అందం!

"పెంకుల్లో తేడా నిజమే," అంది విదురి. "ఇక్కడ పీతల బెడద ఎక్కువ, అందుకే పెంకు దళసరి. జన్యువుల్లోనూ కాస్త తేడా ఉంది. కానీ రెండూ ఒకే కుటుంబం. పిల్లనత్తలు నీళ్లలో కొట్టుకుపోయి కొత్తచోట స్థిరపడ్డాయి."

"అంటే మావే అటు పోయాయి! పాపం, బురదలో పడి రంగు చెడ్డాయి!"

"కాదండీ. అవే ఇటు వచ్చాయి."

ఇద్రుస్ గారి మొహం వాడిపోయింది. ఒక్క క్షణమే!

"విన్నారా? అది మన పుట్టినిల్లు! సొంతవాళ్లకి కాక పిల్లని ఇంకెవరికిస్తాం?"

ముర్ని ఊపిరి పీల్చుకుంది. అంతలో బాహ్రుమ్ తల్లి ఎంబున్ తలగుడ్డ సర్దుకుంటూ లేచింది.

"ఆగండి రాజావారూ! మూలం మాది. కొట్టుకొచ్చినవాళ్లతో వియ్యమా? మా పరువేం కావాలి!"

"నిన్నటిదాకా మా గడప పట్టుకుని బతిమాలావు కదమ్మా!"

"నిన్న మా వంశం మాకు తెలీదు కదండీ!"

విదురి తల పట్టుకుంది. "అయ్యో, మీరింకా నత్తల దగ్గరే ఉన్నారా? మనుషులకీ దీనికీ సంబంధమే లేదండీ!"

ఇద్దరూ గిర్రున ఆమె వైపు తిరిగారు.

"ఇంతకీ మీవాళ్లేం చేస్తారమ్మాయ్?" అన్నారు ఇద్రుస్ గారు.

"మా నాన్న సంతలో కోళ్లమ్ముతాడు."

"చూశావా చెల్లెమ్మా! కోళ్లవాళ్ల పిల్ల మనకి వంశాలు చెబుతోంది!"

"అదే కదా అన్నయ్యగారూ! ఎక్కడ మనం, ఎక్కడ వాళ్లు!"

ముర్ని బాహ్రుమ్ చెయ్యి గిల్లింది. "నోరెత్తకు. వరసలు కలిశాయి!"

ఆ నెలలోనే పెళ్లి. రెండు తీరాల నత్తలూ ఒకే గంగాళంలో ఉడికాయి. ఊరూ వాడా వచ్చి లొట్టలేసుకుంటూ తిన్నారు. విదురికి మాత్రం పిలుపు వెళ్లలేదు. పరువుగల రెండు కుటుంబాల పెళ్లాయె!