ఎదుటివాళ్ల బొమ్మే నవ్వుతుంది

ఆ ఉదయం అక్కయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. చెల్లెలి ఇంటికి వెళ్లాలి, రెండు బొమ్మల తలలు మార్చాలి, కాఫీ తాగి వచ్చేయాలి.

"చెల్లి వాళ్లింటికి వెళ్లొస్తా" అని భర్త చెవి దగ్గర అరిచింది. ఆయన శ్రద్ధగా తలూపి, లోపలికి వెళ్లి నిచ్చెన తెచ్చాడు.

ఆయన వినికిడి మిషను మూగబోయి చాలా రోజులైంది. కొత్తది కొనడానికి ఇంట్లో అమ్మదగ్గ వస్తువు ఒక్కటే కనిపించింది. చిన్నప్పుడు నాన్న తెచ్చిన బొమ్మ. జానెడు పైచిలుకు పొడుగు, పిడికిట్లో పట్టే నడుము, పట్టు గౌను, చెవులకు ముత్యాలు. అలాంటి పాత ఫ్యాషన్ బొమ్మల కోసం జనం ఎగబడుతున్నారని విని, వాటిని కొని అమ్మే దుకాణానికి పట్టుకెళ్లింది.

దుకాణదారు బొమ్మ మెడ వెనక ఉన్న చీమంత అక్షరాలను భూతద్దంతో చూసి పెదవి విరిచాడు. "తల ఒక ఏడాదిది, ఒళ్లు ఇంకో ఏడాదిదమ్మా. దీని అసలు తల తెస్తే కళ్లకద్దుకుని కొంటాను. లాగకండి, మెడ విరుగుతుంది. వేడినీళ్లలో ఉంచితే మెత్తబడి ఊడొస్తుంది."

ఆ తల ఎక్కడుందో అక్కయ్యకు తెలుసు. నాన్న ఓడలో వంటవాడు. ఒకసారి రెండు బొమ్మలు తెచ్చాడు. రెండింటికీ ఒకే ముఖం, ఒకే జుట్టు. అయినా దాని బొమ్మే ఎక్కువ నవ్వుతోందంటూ అక్కచెల్లెళ్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. నాన్న రెండు తలలూ ఊడదీసి, అటుదిటు ఇటుదటు తగిలించాడు. "ఇప్పుడు ఇద్దరి దగ్గరా ఇద్దరి బొమ్మలూ ఉన్నాయి. ఏడవడానికి ఇంకేం మిగల్లేదు, పోయి ఆడుకోండి" అన్నాడు. ఆయన చేతులెప్పుడూ ఉల్లిపాయ వాసన వేసేవి. బొమ్మ జుట్టు ముక్కు దగ్గర పెట్టుకుంటే అక్కయ్యకు ఇప్పటికీ ఆ వాసన తగిలినట్టే ఉంటుంది.

చెల్లెలితో ఉన్నమాట చెబితే సరిపోయేది. కానీ "నాన్న తెచ్చింది అమ్ముతావా?" అంటే ఏం చెప్పాలి? పైగా అక్కగా పుట్టి, చెల్లెలి ముందు చెయ్యి చాపడమా? మొన్న చెల్లెలు జలుబంటూ వచ్చి, వేడినీళ్లడిగి, అక్కయ్య గదిలో తలుపేసుకుని ఆవిరి పట్టుకుని పోయింది. ఆ జలుబే అక్కయ్యకు దారి చూపింది.

"మోకాలు లాగేస్తోందే. ఒక బకెట్టు వేడినీళ్లు పెట్టవూ, కాపడం పెట్టుకుంటా" అంది చెల్లెలింట్లో సోఫాలో కూలబడి.

చెల్లెలు నీళ్లతో ఆగలేదు. నూనె తెచ్చి మర్దన మొదలుపెట్టింది. మరిది వీధి చివరి డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. డాక్టరు ఎక్కడ నొక్కితే అక్కడ నొప్పి అంది అక్కయ్య, మర్యాద కోసం. ఆయన సూది పొడిచి, పిక్క దాకా పట్టీ చుట్టి, "కొన్నాళ్లు మెట్లెక్కకండి" అన్నాడు. అబద్ధమాడితే దేవుడు శిక్షిస్తాడని విన్నదే గాని, డాక్టరు చేత సూది వేయిస్తాడని అక్కయ్య ఎప్పుడూ అనుకోలేదు.

మరిది మందులకూ, చెల్లెలు వంటింట్లోకీ వెళ్లగానే ఒంటికాలిమీద గెంతుకుంటూ అద్దాల బీరువా చేరింది. అందులోని చెల్లెలి బొమ్మ మెడా, సంచిలో తెచ్చిన తన బొమ్మ మెడా బకెట్టులో ముంచి, తలలు మార్చి, చెంగుతో తుడిచింది.

"ఏంటక్కా ఆ గెంతడం?"

"తిమ్మిరే. పోగొట్టుకుంటున్నా."

మర్నాడు పట్టీ విప్పేసి, బొమ్మ పట్టుకుని దుకాణం మెట్లు చకచకా ఎక్కింది. పైన చెల్లెలు నిలబడి ఉంది. చేతిలో బొమ్మ.

"మోకాలెలా ఉందక్కా?"

"నీ జలుబెలా ఉందే?"

దుకాణదారు రెండు బొమ్మలనూ భూతద్దం కింద పెట్టాడు. "రెండూ తారుమారే."

"అదెలా? మొన్న అక్క గదిలో ఆవిరి పడుతున్నానని చెప్పి నేనే సరిచేశాను కదా" అంది చెల్లెలు.

"సరిచేసి చెప్పాలి కదే. నిన్న నేను మళ్లీ మార్చాను" అంది అక్కయ్య. నాన్న చేసినదాన్ని ఇద్దరూ కలిసి మళ్లీ చేశారు. "అయినా నీకేం లోటొచ్చిందని అమ్ముతున్నావు?"

"బావగారికి మిషను కొందామని. నువ్వు అడగవు, నేనిస్తే తీసుకోవు. ఆయనతో నువ్వు మాట్లాడుతుంటే రెండు వీధుల అవతల మాకు నిద్ర పట్టట్లేదు."

అక్కయ్య నవ్వబోయి చెంగుతో కళ్లొత్తుకుంది. దుకాణదారు నీళ్లు కాచాడు. తలలు సరైన ఒళ్లకు చేరాయి. ఒక బొమ్మను అమ్మి, రెండోదాన్ని వంతులవారీగా ఇద్దరి ఇళ్లలో ఉంచుకుందామనుకున్నారు.

కొత్త మిషను వచ్చింది. ఆయన చెవిలో పెట్టుకోగానే ముందు గోడగడియారం వినబడింది, తరవాత కిటికీ మీది పిచ్చుక, ఆ తరవాత ఫోనులో చెల్లెలితో మాట్లాడుతున్న భార్య. "నీ వంతు నిన్నటితో అయిపోయిందే, బొమ్మను పంపించు. అయినా ఎక్కువ నవ్వేది మనం అమ్మేసిందే. అదే ఇచ్చేద్దామన్నది నువ్వే."

ఆయన కాసేపు శ్రద్ధగా విని, మిషను తీసి జాగ్రత్తగా డబ్బాలో పెట్టేశాడు.