పందొమ్మిదేళ్ళ రంధ్రం

ఆ రోజుకు ముడతల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కాఫీ, తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా, పదకొండింటికి విశ్వవిద్యాలయం, మూడింటికి శిలాఫలకం మీద తెర లాగడం, ఒక గంట ప్రసంగం, ఆపైన పదవీ విరమణ. ముప్పై నాలుగేళ్ళు రేఖాగణితం చెప్పిన మనిషి ఒక రోజును ఇంతకంటే నిటారుగా గీయలేడు.

ముడతల మాస్టారన్నది విద్యార్థులు పెట్టిన పేరు. ఆయన జీవితమంతా ముడతలు పడ్డ తలాల గురించే పరిశోధించారు. నలిగిన కాగితం, ఎండిన ఆకు, విప్పేసిన దుప్పటి, ఏది కనబడినా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తారు. ఆయన చొక్కాలు కూడా ఆ పరిశోధనలో భాగమేనని విద్యార్థుల అనుమానం. ఎంత ముడతలు పడ్డ తలాన్నయినా చింపకుండా, అతికించకుండా నునుపు చేయవచ్చని పందొమ్మిదేళ్ళ కింద ఆయన రుజువు చేశారు. ఆ ఒక్క వాక్యాన్నే ఇప్పుడు నల్లరాతి మీద చెక్కించి, గణిత శాఖ రెండో అంతస్తులో హాలు గోడకు బిగించారు.

ఆయనకు ఇంకో పట్టుదల ఉంది. లెక్కలు తెలుగులోనే మాట్లాడతారు. ప్రూఫ్ అనరు, రుజువంటారు. స్టెప్ అనరు, మెట్టంటారు. ఆ పట్టుదలే లేకపోతే ఆ రోజు ఎవరి ప్రాణాలూ అరచేతిలోకి వచ్చేవి కావు.

ఏడూ పదికి ఫోన్ మోగింది. చేసింది ఆయన ఆఖరి శిష్యురాలు. ఆయన సిద్ధాంతం మీదే మూడేళ్ళుగా తన థీసిస్ కట్టుకుంటున్న అమ్మాయి. వంటింట్లో కాఫీ కలుపుతున్న మాస్టారి భార్యకు ఇవతలి మాటలు మాత్రమే వినిపించాయి.

"మూడో మెట్టు దగ్గరా?" అన్నారు మాస్టారు. కాసేపు విన్నారు. "అంటే లోపల రంధ్రం ఉందంటావు... చిన్నదే కావచ్చమ్మా, అక్కడుంటే మొత్తం కూలిపోతుంది... పందొమ్మిదేళ్ళుగా మోస్తున్నానన్నమాట, నాకే తెలీలేదు... లేదు, ఇక మూడో మెట్టు దాటి పైకి పోలేం... ఈ సంగతి ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మా ఆవిడకి. పాపం, ఊళ్ళో వాళ్ళందరినీ పిలిచింది."

ఆవిడ గుండెలో రాయి పడింది. స్టవ్ ఆర్పేసి, వెనకగదిలోకి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడు పళ్ళ డాక్టరు. కానీ ఆ కుటుంబంలో డాక్టరంటూ ఉన్నది అతనొక్కడే కాబట్టి, తలనొప్పి నుంచి కాలి బెణుకు దాకా అన్నీ అతని పద్దులోకే వస్తాయి.

"ఒరేయ్, మనిషి లోపల రంధ్రం ఉంటే ఎక్కడుంటుందిరా?"

"నా దగ్గరికొచ్చే వాళ్ళకైతే పళ్ళలోనే అక్కా."

"పందొమ్మిదేళ్ళుగా ఉందట. నొప్పి లేదు. మూడు మెట్లెక్కితే నాలుగోది ఎక్కలేకపోతున్నారట."

"అయితే పన్ను కాదు," అన్నాడు తమ్ముడు. "గుండె."

"అడిగెయ్యనా మీ బావగారిని?"

"వద్దక్కా. దాచుకున్నారంటే మనం కంగారు పడతామనే. ఈ రోజు గడవనీ. మెట్లెక్కనివ్వకు, గట్టిగా మాట్లాడనివ్వకు. కాలేజీలో వాళ్ళ చెవిన కూడా ఓ మాట వేస్తా. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం."

తొమ్మిదింటికి ఆవిడ చొక్కా తనే తొడిగింది. బొత్తాలు పెట్టింది. కింద కూర్చుని బూట్ల లేసులు కూడా కట్టబోయింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఇది జరగలేదు. మాస్టారు ఆసక్తిగా గమనించారు. "ఏమైందోయ్?" అంటే ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. ఓహో, ఫోన్ మాటలు విన్నదన్నమాట, అనుకున్నారు. తన సిద్ధాంతం మీద ఆవిడకు ఇంత ప్రేమ ఉందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. కళ్ళు చెమర్చాయి.

బావమరిది కారును నడిచేవాళ్ళు దాటిపోయేంత నిదానంగా నడిపాడు.

"నీకూ తెలిసిందా?" అన్నారు మాస్టారు.

"తెలిసింది బావగారూ. మీరు దాని గురించి ఆలోచించకండి."

"ఎలా ఆలోచించకుండా ఉంటాను? పొద్దుట్నించీ ఎన్ని విధాల పూడ్చి చూసినా నిలవడం లేదు."

ఆయన సొంతంగా పూడ్చుకుంటున్నారని విని డాక్టరు కారును ఇంకా నిదానం చేశాడు. మాట మార్చాలని, "మా పళ్ళ వైద్యంలో అయితే రంధ్రాన్ని ఉన్నదున్నట్టు పూడ్చం బావగారూ," అన్నాడు. "చుట్టూ మెత్తబడిందంతా తీసేసి ముందు ఇంకా పెద్దది చేస్తాం. గట్టి అంచు తగిలాకే పూడుస్తాం. చిన్న రంధ్రంలో ఏదీ నిలవదు."

"ఇంకా పెద్దది చేస్తారా?" మాస్టారు నిటారుగా కూర్చున్నారు. "గట్టి అంచు తగిలిందని ఎలా తెలుస్తుంది?" దారంతా ప్రశ్నలే. ప్రసంగం కాగితాల వెనక ఏవో బొమ్మలు కూడా గీసుకున్నారు. పోనీలే, మనసు మళ్ళిందని డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

గణిత శాఖ మెట్ల దగ్గర శాఖాధిపతి ఒక కుర్చీతో, ఇద్దరు అటెండర్లతో నిలబడి ఉన్నాడు. ఆయనా ఒకప్పుడు మాస్టారి శిష్యుడే.

"కూర్చోండి మాస్టారూ. మోసుకెళ్తారు."

"ఎందుకయ్యా? ఎక్కగలను."

"మూడు ఎక్కగలరని తెలుసండీ. మిగతావి మాకొదిలెయ్యండి."

కుర్చీ లేచింది. రుజువు తప్పయితే మనిషిని ఎందుకు మోయాలో మాస్టారికి బోధపడలేదు. అయినా కుర్చీ పక్కకు ఒరిగినప్పుడల్లా ఏ కోణంలో ఒరుగుతోందో లెక్కవేశారు. మలుపు దగ్గర అడిగారు, "అందరికీ తెలిసిపోయిందా?"

"తెలిసింది. మిమ్మల్నెవరూ తప్పుపట్టడం లేదు. ఇది పుట్టుకతోనే వచ్చుంటుందట."

మాస్టారు ఆలోచించారు. నిజమే, మొట్టమొదటి చిత్తుప్రతిలోనే ఉంది. "పుట్టుకతోనే వచ్చింది. అప్పట్లో ముగ్గురు నిపుణులు క్షుణ్ణంగా చూశారు, వాళ్ళకీ దొరకలేదు. నువ్వూ ఒకసారి చూసుకో. నా దగ్గర తయారైన వాళ్ళందరికీ ఇది వచ్చే ఉంటుంది."

శాఖాధిపతి మొహం పాలిపోయింది. చెయ్యి తనంతట తనే ఛాతీ మీదికి పోయింది.

మూడింటికల్లా ఆ మాట భవనమంతా పాకింది. మాస్టారి పాత శిష్యులు ఏడుగురు హాలులో ఎడం చెయ్యి ఎదమీద పెట్టుకుని కూర్చున్నారు. క్యాంపస్ నర్సు వరసగా రక్తపోటు చూస్తోంది. ఎవరిది చూసినా ఎక్కువే ఉంది. కింద ఎవరో అంబులెన్సును కూడా రప్పించారు.

"ఆ తెర లాగొద్దు. ముందు నేను మాట్లాడాలి," అన్నారు మాస్టారు.

"మీరు మాట్లాడకూడదండీ. మీ తరఫున నేను రెండు ముక్కలు చెప్తాను," అని శాఖాధిపతి మైకు లాక్కున్నాడు.

రెండో వరసలో శిష్యురాలు తల వంచుకుని ఏడుస్తోంది. మాస్టారు ఆమెనే చూశారు. ఈవేళ తను నోరు మూసుకుంటే తన పేరు రాతి మీద నిలుస్తుంది, ఆ అమ్మాయి థీసిస్ మాత్రం రంధ్రం మీద నిలుస్తుంది. మాస్టారికి ప్రాణం ఉసూరుమంది. పందొమ్మిదేళ్ళ పేరు పోతుందంటే భయంగానే ఉంది. అయినా కుర్చీలోంచి లేచారు.

వేదికకు అయిదు మెట్లు. ఆయన ఒకటెక్కారు. రెండెక్కారు. మూడో మెట్టు మీద, పళ్ళ డాక్టరు చెప్పిన గట్టి అంచు ఎక్కడుంటుందో ఉన్నట్టుండి తోచి, ఠక్కున ఆగిపోయారు. హాలంతా లేచి నిలబడింది. "ఏవండీ," అంది భార్య. నర్సు పరుగెత్తుకొచ్చింది. మాస్టారు నాలుగో మెట్టెక్కి, అయిదోది కూడా ఎక్కి, శాఖాధిపతి చేతిలోని మైకు తీసుకున్నారు.

"నా రంధ్రం సంగతి మీ అందరికీ తెలిసింది. దాచి లాభం లేదు. నా రుజువులో మూడో మెట్టు నిలవదు. ఆ రాతి మీద రాసింది నిజమో కాదో ఇవాళ నాకు తెలీదు. పందొమ్మిదేళ్ళు నాకు కనపడనిది ఈ అమ్మాయికి కనపడింది. ఆమె ఏడవాల్సిన పని లేదు. తప్పు నాది."

ఆయన భార్య మెల్లగా అడిగింది. "రంధ్రం రుజువులోనా అండీ?"

"మరెక్కడ?"

"గుండెలో కాదూ?"

"గుండెలో ఎందుకుంటుంది?"

"అయితే తప్పింది మీ లెక్కేనా? ఖాయంగా తప్పేనా?"

"ఖాయంగా," అన్నారు మాస్టారు, కొంచెం నొచ్చుకుంటూ.

"హమ్మయ్య," అని ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది. అంతే, హాలు దద్దరిల్లింది. ఎదమీద చేతులు పెట్టుకున్న ఏడుగురూ ఆ చేతులతోనే చప్పట్లు కొట్టారు. సిద్ధాంతాన్ని రుజువు చేశానని ఆయన ఇదే హాలులో చెప్పిన రోజున వచ్చింది పదకొండు మంది, చప్పట్లు కొట్టింది నలుగురు. ఈ వ్యత్యాసాన్ని మాస్టారు ఆసక్తిగా గుర్తుపెట్టుకున్నారు.

జనం సర్దుకున్నాక, ఫలకం బిగించిన రాతిపనివాడు తల గోక్కుంటూ వచ్చాడు. "మరి రాయి దించెయ్యమంటారాండీ?"

మాస్టారు తెర తొలగించి చదువుకున్నారు. వాక్యం చివర కాస్త ఖాళీ ఉంది. "అక్కడ ఇంకొక్క మాట పడుతుందా?"

మర్నాడే అతను 'నునుపు చేయవచ్చు' పక్కన 'బహుశా' అని చెక్కాడు.

ఆరునెలలు పోయాక శిష్యురాలు ఆ రంధ్రాన్ని ముందు పెద్దది చేసి, గట్టి అంచు దాకా తవ్వి, తీరిగ్గా పూడ్చింది. థీసిస్ మొదటి పేజీలో ఒక పళ్ళ డాక్టరుకు కృతజ్ఞతలు చెప్పింది. సిద్ధాంతం ఇప్పుడు నూటికి నూరుపాళ్ళూ నిజం. శాఖాధిపతి రాతిపనివాణ్ణి మళ్ళీ పిలిపించి, ఆ చివరి మాట తీసెయ్యమన్నాడు.

తీస్తే రాయికి రంధ్రం పడుతుందన్నాడతను, అందుకని 'బహుశా'ను అలాగే ఉంచేశారు.