ఊపిరితిత్తికి కిడ్నీ అనుమతి

మనిషికి ఒళ్లు ఒక్కటే అనుకోవడం పెద్దాసుపత్రి గడప తొక్కనివాళ్ల అమాయకత్వం. లోపలికి వెళ్తే తెలుస్తుంది: గుండెది మొదటి అంతస్తు, కిడ్నీది రెండు, ఊపిరితిత్తులది నాలుగు. (మూడో అంతస్తులో క్యాంటీన్. అక్కడ మాత్రం మనిషిని మొత్తంగా రానిస్తారు.)

మా బాబాయి దర్జీ. ఆయన కిడ్నీలు చెడిపోతే మా అత్తయ్య, అంటే ఆయన సొంత అక్క, తనది ఒకటి ఇచ్చింది. అది ఏళ్ల తరబడి ఆయన పొట్టలో బుద్ధిగా పనిచేస్తుండగా ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ కనిపించింది.

"చిన్నదే. ఇప్పుడు కోసేస్తే పోతుంది. ముదిరితే కోయడానికి ఉండదు," అన్నారు నాలుగో అంతస్తు సర్జన్.

మేం గుండె దిటవు చేసుకుని "కోసేయండి" అన్నాం.

"అలా ఎలా? కిడ్నీవాళ్లు ఒప్పుకోవాలి కదా!"

రెండో అంతస్తువాళ్లు మర్యాదస్తులు. ఆపరేషన్ తేదీ చెబితే, మందుల మోతాదు చూసి ఒప్పుకుంటామన్నారు. ఒప్పుకుంటేనే తేదీ అన్నారు పైవాళ్లు. పోనీ ఆసుపత్రి యాప్‌లో అడుగుదామంటే, అది మనిషికి ఒక్క అవయవాన్నే నొక్కనిస్తుంది. (రెండోది నొక్కితే మొదటిది మాయం. గడ్డ కూడా అలా పోతే ఎంత బావుండు!)

మా లిఫ్టు ప్రయాణాలు చూడలేక యాజమాన్యం ఉమ్మడి అవయవాల సమన్వయాధికారిని నియమించింది. ఆయన నిబంధనలు తిరగేసి, కిడ్నీ పూర్వపు యజమాని స్వయంగా హాజరు కావాలన్నారు. అత్తయ్య వచ్చింది.

"ఈ ఆపరేషన్‌కి మీ కిడ్నీ తరఫున అభ్యంతరాలేమైనా ఉన్నాయా అమ్మా?"

"ఇన్నేళ్లు వాడి పొట్టలో కాపురం చేసింది, ఇప్పుడు అభ్యంతరమేంటి నాయనా? ముందు వాణ్ణి బతికించండి."

ఆ జవాబును పరిశీలనకు పంపారు. పరిశీలన అయ్యేసరికి అధికారి సెలవు పెట్టారు. ఆయన తిరిగొచ్చేసరికి, తమనెవరూ అడగలేదని మత్తు డాక్టర్ల విభాగం అలిగింది. బతిమాలుకున్నాం. చివరికి అందరూ ఒప్పుకుని తేదీ ఇచ్చారు. బాబాయి దుకాణానికి తాళం వేసి, తను కుట్టుకున్న కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు.

ఆపరేషన్‌కి ముందు మళ్లీ స్కాన్ తీశారు. సర్జన్ దాన్ని చాలాసేపు చూశారు. గడ్డ పాకిందట. ఇక కోయడానికి లేదట.

"ఎప్పుడో తీసిన కొలతలతో ఇప్పుడు కత్తెర పెడితే కుదరదులెండి డాక్టరుగారూ. మా పనీ అంతే," అన్నాడు బాబాయి, నవ్వుతూనే. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అప్పుడే సమన్వయాధికారి హడావిడిగా వచ్చి, అత్తయ్యకు నమస్కారం పెట్టారు.

"మీరేం దిగులు పడకండమ్మా. రిపోర్టులన్నీ చూశాం. మీ కిడ్నీ ఇంకో ఇరవై ఏళ్లు ఢోకా లేకుండా పనిచేస్తుంది."