ఖాళీగా ఉన్నట్టు ఒక సాక్షి

ఒక ప్రభుత్వం ఎంత బాధ్యత గలదో తెలియాలంటే, అది ప్రజలు చేసిన పనిని ఎలా గుర్తిస్తుందో చూస్తే చాలదు. ఏ పనీ చేయని కాలాన్ని ఎంత శ్రద్ధగా ధ్రువీకరిస్తుందో చూడాలి. ఈ విషయంలో సంగారెడ్డి ఎవరికీ తీసిపోదు. అక్కడ నర్సింగ్ ప్రవేశాలు చూసే కార్యాలయంలో విరామకాల పరిశీలన విభాగం అని ఒక గది ఉంది. ఇంటర్ పాసై తిన్నగా వచ్చే పిల్లలకు ఆ గదితో పని లేదు. చదువు ఆపి, కొంతకాలం బతికి, మళ్ళీ చదువుకుందామని వచ్చేవాళ్ళ కోసమే అది. (బతకడం తప్పని అక్కడ ఎవరూ అనరు. ఆధారాలు అడుగుతారు, అంతే.)

కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళల్లో ఉండే శ్రీలత ఎండలు తగ్గుముఖం పట్టాక ఆ గదిలో అడుగు పెట్టింది. ఇంటర్ అయిన ఏడాదే పెళ్ళి చేశారు. ఆ తర్వాత పటాన్‌చెరు దగ్గర మాత్రల ఫ్యాక్టరీలో చేరి, బెల్టు మీద కదిలిపోయే మాత్రల్లో విరిగినవాటిని ఏరేస్తూ ఏళ్ళు గడిపింది. మధ్యలో మామ సత్తయ్యకు పక్షవాతం వచ్చింది. ఫ్యాక్టరీకి పోయి వస్తూనే, మంచాన పడ్డ మనిషిని కర్ర పట్టుకుని నడిచేదాకా తెచ్చింది. నువ్వు ఈ పనికి ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని అప్పట్లో ఆసుపత్రి వార్డు సిస్టరమ్మ అన్న మాట ఆమెను వదల్లేదు. సర్కారు నర్సింగ్ స్కూలుకు దరఖాస్తు పెట్టింది. మార్కుల వరసలో పేరు పైనే వచ్చింది. వయసు ఒక్కటే ఆగేలా లేదు: ముప్పై అయిదు దాటితే సీటు లేదు, వచ్చే ఏడాదికి ఆమెకు దాటిపోతుంది.

విరామకాల పరిశీలనాధికారి పేరు బాపిరాజు. తండ్రి భీమవరం వైపు నుంచి ఇక్కడి సర్కారు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. చాలా మర్యాదస్తుడు. 'అండి' అనకుండా ఎవరి దరఖాస్తునూ తిరస్కరించి ఎరుగడు.

ఆయన నియమం వివరించారు. ఇంటర్‌కూ ఇప్పటికీ మధ్య కాలాన్ని అభ్యర్థి రెండు విధాలుగా గడిపి ఉండవచ్చు. పని చేసి ఉంటే యజమాని ధ్రువపత్రం తేవాలి. ఖాళీగా ఉంటే, ఖాళీగా ఉండగా కళ్ళారా చూసిన సాక్షిని తేవాలి. మూడో విధంగా బతకడానికి నియమావళి అనుమతించదు.

శ్రీలత ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్ళింది. నువ్వు మా మనిషివి కాదు, కాంట్రాక్టరు మనిషివి అన్నారు. (తల మీది టోపీ ఫ్యాక్టరీది. టోపీ కింది తల కాంట్రాక్టరుది.) కాంట్రాక్టరు ఐలన్నకు ఒక పద్ధతి ఉంది. పనివాళ్ళు పర్మనెంట్ అడిగేంత కాలం గడవకముందే తన కంపెనీ మూసేసి, ఇంకో పేరుతో తెరుస్తాడు. మొదట దేవుళ్ళ పేర్లు పెట్టేవాడు. అవి అయిపోయాక పిల్లల పేర్లకు వచ్చాడు.

"చెల్లె, నువ్వు పన్జేసిన కంపెనీలు ఇప్పుడు ఒక్కటి గూడ లేవు," అన్నాడు ఐలన్న. "లేని కంపెనీకి సంతకం ఎవరు పెట్టాలె?"

"జీతమిచ్చింది నువ్వే గదనే."

"ఇచ్చింది నేనే. కాగితం మీద నేను గాదు."

ఈ కబురు విని బాపిరాజు గారి ముఖం విప్పారింది. "అయితే మీ కేసు సులువైపోయిందండి. మీరు ఏ పనీ చేయలేదన్నమాట."

"చేసిన సార్."

"చేశారండి. ఆధారం లేదు కాబట్టి ఖాళీగా ఉన్నారు. ఇక సాక్షిని తెచ్చుకోండి."

రోజంతా ఇంట్లో ఉండే మనిషి సత్తయ్య ఒక్కడే. శ్రీలత ఆయనను బస్సులో కూర్చోబెట్టుకుని, సంగారెడ్డి వచ్చేదాకా ఒకే మాట నేర్పించింది. కోడలు ఖాళీగ ఉండె అనాలి, అంతకు మించి ఏమీ అనొద్దు. ఆయన తలూపాడు. దారిలో రెండుసార్లు అప్పజెప్పాడు కూడా.

"పెద్దాయనా, మీ కోడలు గారు ఖాళీగా ఉండగా మీరు చూశారా అండి?" అని అడిగారు బాపిరాజు.

సత్తయ్య కోడలి వైపు చూశాడు. కర్ర మీద చెయ్యి మార్చుకున్నాడు.

"ఎట్ల సూస్త సారూ. ఆమె ఊకె గూసున్నది నేనెన్నడు సూడలే."

అక్కడితో ఆగి ఉంటే ఏదో ఒకటి సర్దుకునేది. ఆయన ఆగలేదు. వీపు పుండ్లు పడకుండా తనను పక్క మార్చి పడుకోబెట్టిన తీరు చెప్పాడు. గొంతులో అడ్డం పడకుండా నోట్లో పనిచేసే పక్క నుంచే జావ తాగించిన తీరు చెప్పాడు. చచ్చుబడ్డ చేతికి రబ్బరు బంతి ఇచ్చి, పిసకనంటే తిట్టిన తిట్లు కూడా చెప్పాడు.

"పసిపోరని లెక్క నడక నేర్పింది," అన్నాడు. "ఆమె నిలవెట్టిన కాళ్ళ మీద నిలవడి అబద్ధమెట్ల జెప్పాలె సారూ?"

బాపిరాజు గారు కలం కింద పెట్టి అంతా విన్నారు. పుండ్ల సంగతి మళ్ళీ చెప్పించుకున్నారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత కలం తీసుకుని, సాక్షి వాంగ్మూలం అభ్యర్థికి పూర్తిగా వ్యతిరేకంగా ఉన్నదని రాశారు.

తిరుగు బస్సులో సత్తయ్య కోడలి వైపు తిరిగాడు. "ఖరాబ్ జేసిన్నా బిడ్డా?" అన్నాడు.

"లేదు మామా," అంది శ్రీలత, ఆయన కర్ర జారిపోకుండా పట్టుకుని. "నువ్వు మాటలు మర్సినవ్, గంతే."

కేసు హైదరాబాదులోని ఉన్నత స్పష్టీకరణ మండలికి వెళ్ళింది. ఇంట్లో మనిషిని చూసుకోవడం పనా, ఖాళీయా అన్నది ప్రశ్న. జవాబు వచ్చేదాకా అభ్యర్థి కార్యాలయంలో అందుబాటులో ఉండాలి గనుక, శ్రీలత రోజూ వచ్చి బెంచీ మీద కూర్చుంది. బెల్టు దగ్గర ఆమె చోట్లో ఐలన్న ఇంకో ఆడమనిషిని పెట్టుకున్నాడు. దసరా పోయింది, దీపావళి పోయింది. మండలి జవాబు రానే వచ్చింది: యజమాని లేడు కాబట్టి అది పని కాదు, సాక్షి ఒప్పుకోలేదు కాబట్టి ఖాళీ కాదు, కనుక అది 'ఇతరములు'. దరఖాస్తు నమూనాలో 'ఇతరములు' అనే గడి లేదు. గడి చేర్చడానికి కమిటీ వేశారు. కమిటీ మొదటిసారి కూర్చునేసరికి సీట్లన్నీ నిండిపోయాయి.

ఆ రోజు బాపిరాజు గారు ఆమెను స్వయంగా లోపలికి పిలిచి, అడగకుండానే ఒక ధ్రువపత్రం చేతిలో పెట్టారు. అభ్యర్థి ఈ సంవత్సరం ఈ కార్యాలయపు బెంచీ మీద ఏ పనీ చేయకుండా కూర్చుని ఉండగా విభాగం సిబ్బంది మొత్తం కళ్ళారా చూసినదని, నడవడిక సంతృప్తికరమని అందులో ఉంది. ముద్ర చక్కగా పడింది.

"ఇంత పక్కా ఖాళీ మా విభాగానికి ఇంతవరకు రాలేదండి," అన్నారు ఆయన.

వయసు దాటినాక ఇది దేనికి సార్ అని అడిగింది శ్రీలత. వయసు సంగతి కింది అంతస్తులో చూస్తారని చెప్పారు. ఆమె కాగితం మడిచి లేవబోతుంటే, తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. వాళ్ళమ్మగారు జారిపడి మంచం పట్టారట. వీపు మీద పుండ్లట. పెట్టిన ఆయాలు ఎవరూ నిలవడం లేదట.

"పెద్దాయన చెప్పిన రోజు నుంచీ మిమ్మల్నే అనుకుంటున్నానండి. సర్టిఫికెట్లేవీ అక్కర్లేదు."

శ్రీలత లేచింది. ఆయన కూడా లేచి నిలబడ్డారు.

"రేపటి నుంచే వచ్చేయండమ్మా," అన్నారు. "మధ్యలో గ్యాపు రాకూడదు."