క్రిప్టోలో కాలిన పెనం

శాన్ ఫెర్మీన్ పురప్రజలకు తెలియజేయడమేమనగా, ఇకమీదట డబ్బు కంటికి కనిపించదు. ఇదివరకూ కనిపించేది కాదు గానీ అప్పట్లో దాన్ని పేదరికమన్నారు. ఇప్పుడు క్రిప్టో అంటున్నారు.

ఈ శుభవార్తను మార్కెట్టు ఆడవాళ్ళకు వివరించడానికి రాజధాని నుంచి లిసెన్సియాదో ఎవెలియో వేంచేశారు. పట్టా ఉన్నవారిని మా ఊళ్ళో లిసెన్సియాదో అనే పిలవాలి. పట్టా దేంట్లో అని అడగడం మర్యాద కాదు.

ముందు వరుసలో కూర్చున్నది పుపూసాలు కాల్చే నీనా త్రాన్సితో. నీనా అంటే మా ఊళ్ళో అమ్మగారు అన్నట్టు. ఆమె పెనం నిలువునా పగిలి, రొట్టెల్లో కూరిన చీజంతా నిప్పుల పాలవుతోంది. ఈ నెల కుచూబాల్ వంతు ఆమెదే. మార్కెట్టు ఆడవాళ్ళంతా నెలనెలా వేసుకునే చీటీ అది. కాగితం లేదు, సంతకం లేదు, చీటీ పెద్ద నీనా మిర్తాలా మాటే పూచీ. ఆ డబ్బుతో కొత్త పెనం కొనాలని త్రాన్సితో ఏడాదిగా కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది.

సందేహాలు అడగవచ్చన్నారు.

“ఈ కాయిన్ ఎలా ఉంటుందయ్యా?” అంది టమాటాల ఆవిడ.

“ఆత్మలాగా. ఉందని నమ్మాలమ్మా!”

ఆడవాళ్ళు భక్తిగా సిలువ గుర్తు వేసుకున్నారు.

“మరి దీనికి పెద్దెవరు?”

“ఎవ్వరూ లేరు! అదే దీని గొప్పతనం!”

ఆ గొప్పతనం మన పురపాలక సంఘానికి ఎప్పటినుంచో ఉందని మేయరుగారు సగర్వంగా గుర్తుచేశారు.

“పాస్‌వర్డు మర్చిపోతేనో?”

“ఇక ఆ డబ్బు ఎవ్వరూ తియ్యలేరు, మీతో సహా!”

ఇంతటి భద్రత ఏ బ్యాంకూ ఇవ్వలేదు కనుక చప్పట్లు మోగాయి.

“దాంతో పెనం కొనొచ్చా బాబూ?” అని అడిగింది త్రాన్సితో.

“ఇవాళైతే ఒకటి. ఆగితే పది!”

“పది పెనాలు నేనేం చేసుకోను? ఉన్నవి రెండు చేతులేగా!”

అందరూ గొల్లుమన్నారు. మిర్తాలా మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రమే చీటీ డబ్బంతా కాయిన్లలో పెట్టేసింది, త్రాన్సితోకు మేలు చేద్దామని. మేలు చేసేముందు అడిగే అలవాటు మా వాళ్ళకు లేదు. వారం తిరిగేసరికి ఆ సొమ్ముకు పెనం కాదు గదా, గరిటె కూడా వచ్చేలా లేదు.

లిసెన్సియాదో మళ్ళీ వేంచేశారు. “అమ్మితేనే నష్టం! అమ్మకపోతే నష్టమన్నదే లేదు!” అని ధైర్యం చెప్పి, ఉపన్యాస రుసుము మాత్రం నోట్లలో పుచ్చుకుని బస్సెక్కారు.

“నా పెనం సంగతేంటక్కా?” అని మిర్తాలాను అడిగింది త్రాన్సితో. “అందరి వంతుకీ నోరు కట్టుకుని కట్టాను కదా!”

“కట్టలేదని ఎవరన్నారే? నీ మంచికేగా పెట్టింది!” అంది మిర్తాలా.

తప్పెవరిదో తేల్చడానికి సభ కూడింది. లిసెన్సియాదోది కాదు, ఆయన టై కట్టుకున్నారు. మిర్తాలాది కాదు, మార్కెట్టులో సగంమంది పిల్లలకు బాప్తిస్మమప్పుడు పూచీపడ్డ జ్ఞానతల్లి ఆమే. కాయిన్‌ది కాదు, దానికి పెద్ద దిక్కే లేదు. చివరికి తప్పంతా త్రాన్సితోదేనని తేలింది. పోయి పోయి ఈ నెలలోనే వంతు తెచ్చుకోమని ఆమెకెవరు చెప్పారు?

ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఒక్క చెయ్యి తప్ప అన్నీ లేచాయి. అందరూ అటే చూశారు. ఎత్తకపోతే వచ్చే చీటీలో చేర్చుకోరు. చీటీ లేకపోతే ఈ జన్మకు పెనం రాదు. త్రాన్సితో చెయ్యి మెల్లగా లేచింది. తీర్మానం ఏకగ్రీవం.

అన్యాయమంటున్నారా? నిజమే. మొన్న మీ దగ్గర చేతులెత్తమన్నప్పుడు మీ చెయ్యి ఎక్కడుందో ఒక్కసారి గుర్తుచేసుకోండి.