కొండవాలు ఇల్లు, కింది గది

ముప్పై ఏళ్లుగా ఊళ్లో పిల్లలకు కూడికలు నేర్పిన లెక్కల మాస్టారికి, తన ఇంటికి ఎన్ని అంతస్తులో మాత్రం లెక్క తేలలేదు. ఇల్లు కొండవాలున ఉంది. పై వీధిలోంచి వచ్చే పోస్ట్‌మ్యాన్‌కు అది ఒంటిగది కొంప. కింది వీధిలో నిలబడి తలెత్తే పాలవాడికి మూడంతస్తుల మేడ. పక్కింటివాళ్లు ఆ పూట కడుపుమంటను బట్టి రెండనో మూడనో అనేవాళ్లు.

ఆ వాలు మీద రెండంతస్తులకే అనుమతి. ఆ రోజు ఉదయం ఇల్లు చూడటానికి వస్తానని కట్టడాల ఇన్‌స్పెక్టర్ కబురు పెట్టాడు. మూడని తేల్చాడంటే ఒకటి పడగొట్టాల్సిందే. అన్నిటికన్నా కొత్తది కింది గది కనుక వేటు దానిమీదే పడుతుందని మాస్టారి బెంగ. అది అత్తగారి గది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని ఆవిడ, గడప దాటితే చాలు వీధిలో ఉండాలని ఆయన పట్టుబట్టి కట్టించాడు.

ముందురోజు బడిలో డ్రాయింగు మాస్టారు ఉపాయం చెప్పాడు. "సగానికి పైగా మట్టిలో ఉన్న గది అంతస్తు కిందికి రాదు మాస్టారూ. అది నేలమాళిగ! కాకపోతే అందులో సామాన్లే ఉండాలి, మనుషులు ఉండకూడదు."

పొద్దున్నే కాఫీ తాగుతూ మాస్టారు భార్యకు పథకం వివరించాడు. "గోడకి మట్టి పోయిస్తాను. ఆ గదిలో ఎవరూ ఉండరని చెప్దాం. మంచం తీయించేస్తా. అత్తయ్యని మీ అక్కగారింటికి పంపించెయ్."

అత్తగారి మోకాళ్లకున్న జబ్బు ఆవిడ చెవులకు లేదు. మాటలన్నీ మెట్లమీదుగా కిందికి దిగాయి. గదిలో ఎవరూ ఉండరట, మంచం తీసేస్తారట, తనను పెద్దకూతురింటికి సాగనంపుతారట! ఆవిడ లోపలి మెట్ల తలుపుకూ వీధి తలుపుకూ గడియలు పెట్టి, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అమ్మా, తలుపు తియ్యవే!"

"తియ్యను. పంపాలనుకుంటే మంచంతో సహా మోసుకెళ్లమను మీ ఆయన్ని."

ఈలోగా మట్టి వచ్చింది. చాలదేమోనని భార్య మొగుడితో చెప్పకుండా ఇంకో ట్రాక్టరుకు ఫోన్ చేసింది, అదీ వచ్చింది. కింది వీధిలో బండి తిరగదని ఇద్దరు డ్రైవర్లూ పై వీధిలోంచే కుమ్మరించి వెళ్లిపోయారు. మట్టి ఇంటి పక్కనుంచి జారి, కింది గది తలుపును పూడ్చేసి, కిటికీ అంచు దగ్గర ఆగింది.

"ఏకంగా పాతిపెట్టేస్తున్నారన్నమాట!" అని లోపలినుంచి కేక.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్ కింది వీధిలో దిగాడు. మట్టిగుట్టను చూసి, "ఇదేంటండీ?" అన్నాడు.

"నేలమాళిగ సార్. లోపల పాత సామాను," అన్నాడు మాస్టారు చెమట తుడుచుకుంటూ.

"పాత సామానా!" అంది నేలమాళిగ.

ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "మీ సామాను మాట్లాడుతోందండీ."

"ఎండన పడి వచ్చారు నాయనా, మంచినీళ్లయినా ఇచ్చారా మా అల్లుడుగారు? ఆయనకి ఇవాళ మనసు మనసులో లేదు," అంది సామాను.

మాస్టారు ఆ గుట్టమీదే కూలబడ్డాడు. "నాకు అబద్ధం చేతకాదు సార్. అది మా అత్తయ్య గది. మూడో అంతస్తే. పైన నా పుస్తకాల గది ఉంది, అది పడగొట్టెయ్యండి. వంటింట్లో కూర్చుని పేపర్లు దిద్దుకుంటా. ఈ గదొక్కటీ ఉంచండి. నలుగురూ కనపడకపోతే ఆవిడకి తోచదు."

కిటికీ రెక్క తెరుచుకుంది. కళ్లు ఒత్తుకుంటూ అత్తగారు అంది. "ఈ ముక్క పొద్దున్నే నాతో చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోయేవా అల్లుడుగారూ?"

ఇన్‌స్పెక్టర్ సంచిలోంచి ఇనుపగుండు కట్టిన తాడు తీసి పైకి వెళ్లాడు. పై గది ముందు అంచునుంచి పక్కగోడ వెంట వదిలాడు. గుండు పై గదిని దాటి, నడిమి గదిని దాటి, కొండమట్టిని తాకింది. నడిమి గది ముందు అంచునుంచి వదిలితే నడిమిది, కిందిది, ఆ తర్వాత నేల.

"మాస్టారూ, వాలులో ఇంటిని వీధిలో నిలబడి లెక్కపెట్టం. ఏ చోట ఒకదానిమీద ఒకటి ఎన్ని ఉన్నాయో చూస్తాం. మీ ఇల్లు మెట్లలాగా వెనక్కి జరుగుతూ పోయింది. ఎక్కడ చూసినా రెండే. కట్టిన రోజునుంచీ రెండే."

మాస్టారి మొహం వెలిగిపోయింది. "అయితే సంతకం..."

"మీరు చేతులు ముడుచుకుని కూర్చునుంటే ఈపాటికి పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు కింది గది సగానికి పైగా మట్టిలో ఉంది. నేలమాళిగలో మనుషులు ఉండకూడదు. ఇదంతా తీసెయ్యండి, సాయంత్రం వస్తా."

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్న మాస్టారు పార పట్టాడు. ఉపాయం చెప్పిన పాపానికి డ్రాయింగు మాస్టారు గంప మోశాడు. అత్తగారు కిటికీలోంచి మంచినీళ్లు అందిస్తూ, "ఆ మూల ఇంకా ఉంది అల్లుడుగారూ," అని అజమాయిషీ చేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు గానీ, కొండను తవ్వి అత్తగారిని బయటికి తీసినవాడు ఆయనొక్కడే. పొద్దువాలేసరికి తలుపు తెరుచుకుంది, సంతకమూ పడింది.

ఇప్పటికీ దారినపోయేవాళ్లు ఆగి ఈ ఇల్లు ఎన్నంతస్తులని అడుగుతుంటారు. గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చున్న అత్తగారు గొంతు తగ్గించి చెబుతుంది: "రెండే నాయనా. మా అల్లుడుగారిని మాత్రం అడక్కండి, ఆయన లెక్కల మాస్టారు."