తినకపోతే తాతయ్య వస్తాడు

ఆ మధ్యాహ్నం డ్రిల్లు మాస్టారు ఆసుపత్రిలో చేరాలి. మర్నాడు గొంతుకు ఆపరేషన్. ఆ తరువాత మాట రాదని డాక్టరు ముందే చెప్పేశాడు. అందుకే పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టి, మాస్టారు తన కోరిక బయటపెట్టారు. నాలుగేళ్ల మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఉన్న గొంతుతో ఒక్క కథ చెప్పాలి. అంతే.

అంతే అన్నది ఆయన మాట. బుల్లెమ్మకు తాతయ్యంటే హడల్. పాపం, తప్పు పిల్లది కాదు. అది అన్నం తినకుండా చంపుకుతింటోందని కోడలికి ఒక ఉపాయం చెప్పింది ఆయనే. "నా పేరు చెప్పి తినిపించమ్మా. రిటైరయ్యాక ఊరికే పడున్న గొంతేగా." అప్పట్నుంచీ కోడలు "తినకపోతే తాతయ్య వస్తాడు" అనడం, పక్క గదిలోంచి ఆయన "ఎవరక్కడ" అని గర్జించడం, పిల్ల గిన్నె ఖాళీ చెయ్యడం. బడి మైదానాన్నంతా నిలబెట్టిన గొంతు ఇంట్లో ఇలా పనికొచ్చిందని అందరూ మురిసిపోయారు.

"ఒక్క పూటలో భయం ఎలా పోతుంది మావయ్యగారూ?" అంది కోడలు.

"పెట్టినదానివి నువ్వే, తియ్యి మరి," అన్నారు మాస్టారు.

కోడలు పిల్లకు టిఫిను పెడుతూ మెత్తగా మొదలుపెట్టింది. "తాతయ్య చాలా మంచివాడమ్మా. నీ దగ్గరికి వస్తాడట." వస్తాడన్న మాట వినగానే పిల్ల గిన్నెలో ఉన్నదంతా గబగబా మింగేసి మంచం కింద దూరింది.

"నీవల్ల కాదుగానీ జరుగు," అంటూ కొడుకు రంగంలోకి దిగాడు. తండ్రి వీపు మీద సరదాగా రెండు దెబ్బలు వేసి, మంచం కిందికి వంగి, "చూశావా, నన్నేమీ అనలేదు," అన్నాడు. అదే క్షణాన మాస్టారికి దగ్గుతెర ముంచుకొచ్చింది. ఇక నాన్న పనైపోయిందని పిల్ల కెవ్వుమంది. ఆ కేకకు పై వాటాలో బట్టలు కుట్టే పిన్నిగారు మెడలో టేపుతోనే దిగివచ్చింది. ఆవిడకు కనిపించింది పెద్దాయన వీపూ, దాని మీద కొడుకు చెయ్యీ.

"ఆసుపత్రికెళ్లే మనిషిని కొడతావా? సిగ్గులేదూ?"

"అయ్యో, పిల్లకి భయం పోగొడుతున్నా పిన్నిగారూ."

"పోయేట్టే ఉంది, ఆయన ప్రాణంతో సహా."

సంగతంతా విన్నాక ఆవిడే మెత్తబడి, "ఆ మీసం తీసేస్తే సరి. నాకే భయమేస్తుంది," అని తేల్చింది. పెళ్లికి ముందునుంచీ ఉన్న మీసం. మాస్టారు వెంటనే లేచి, అద్దం ముందు నిలబడి గీసేసుకున్నారు. తిరిగి వచ్చేసరికి ఆ ముఖం చిన్నదైపోయి, కొడుక్కే కొత్తగా కనిపించింది.

మంచం కిందనుంచి బుల్లెమ్మ తల బయటపెట్టింది. "అమ్మా, ఈ తాత ఎవరు?" ఎవరూ జవాబు చెప్పేలోగానే పాక్కుంటూ వచ్చి ఆయన ఒళ్లో ఎక్కి కూర్చుంది. కోడలు కొంగుతో కళ్లొత్తుకుంది. మాస్టారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. కథ మొదలుపెడదామని నోరు తెరిచారు.

పిల్ల ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టి, చెవిలో చెప్పింది. "మాట్లాడకు. ఆ గదిలో అరిచే తాత ఉంటాడు. నువ్వు మాట్లాడితే వచ్చేస్తాడు."

"చెప్పు నాన్నా, ఫరవాలేదు," అన్నాడు కొడుకు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. ఒక్క మాట బయటికొస్తే వచ్చేది ఆ తాతేనని ఆయనకు తెలుసు.

"ఆ తాత ఎప్పుడు వెళ్లిపోతాడమ్మా?"

"ఇవాళే," అంది కోడలు. ఆ మాట అన్నందుకు గుమ్మం చాటుకు వెళ్లి ఏడ్చింది.

పిల్ల చప్పట్లు కొట్టి, తనే కథ అందుకుంది. అనగనగా ఒక అరిచే తాత. ఆయనకి పిల్లలంటే ఇష్టం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లే కారు వచ్చేదాకా మాస్టారు ఊఁ కూడా కొట్టకుండా విన్నారు. ఏడుపొస్తే అది కూడా చప్పుడు కాకుండా ఏడ్చారు.

డాక్టరు మర్నాడు చెయ్యవలసిన పనిని మనవరాలు ఒక రోజు ముందే చేసిపెట్టింది.